పందెపు పడవయు బ్రతుకు తెప్పయు

శరీరశ్రమ యొక్కటియే యైనను దానికి మనము రెండు పేళ్లు పెట్టియున్నాము. ఒకడు తెల్లవాఱుజామున చెఱువులో తెడ్డు వేసినచో దానిని పని యందుము. మఱియొకడు ఆదివారమునాడు ఆ నీటియందే ఆ విధముగనే తెడ్డు వేసినచో దానిని ఆట యందుము. మొదటివానిని చూచుటకు గట్టుమీద నెవ్వరును నిలువరు. రెండవవానికి చప్పట్లు కొట్టుదురు, ఛాయాచిత్రములు తీయుదురు, గెలిచినచో మెడలో పతకము వేయుదురు. ఈ భేదము కండరములకు తెలియదు, నీటికిని తెలియదు. గట్టుమీద నిలిచిన మనకు మాత్రమే తెలియును. ఇది న్యాయమైన భేదమేనా, న్యాయమైనచో దేనిమీద నిలిచియున్నది, కానిచో అందేది విడువవలెను అను ప్రశ్నను ఇక్కడ కొంత విచారింప దలచితిమి. ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. గౌరవమునకు సంబంధించిన ప్రశ్నలన్నియు మొదట చిన్నవిగనే తోచును.

హైదరాబాదునుండి మొయినాబాదు, చేవెళ్లల మీదుగా వికారాబాదువైపు పోవు మార్గము నిజాము కాలమున నాటిన మఱ్ఱిచెట్ల వరుసలకు పేరొందినది. ఆదివారపు టుదయమున ఆ మార్గమున నిలిచి చూచినచో నగరమునుండి వెలువడు కార్ల వరుసకు తుది కానరాదు. మొయినాబాదునకు ఒకవైపున ఉస్మాన్‌సాగరము, మఱియొకవైపున హిమాయత్‌సాగరము గలవు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచివేసిన పిమ్మట, వరదల నడ్డుటకును త్రాగునీ రిచ్చుటకును మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి సలహాననుసరించి మూసీమీద నొకటి, ఈసీమీద నొకటి నిర్మింపబడినవి. మొదటిది 1920లో ముగిసెను, రెండవది 1927లో ముగిసెను. ఆ నీటి రక్షణకై 1996లో వెలువడిన 111వ నంబరు ఉత్తరువు 84 గ్రామములలో కట్టడములకు హద్దులు విధించెను. అయినను ఈ ప్రాంతమున తోటబంగళాలును, రిసార్టులును, పెండ్లిమండపములును ఏటేట పెరుగుచునే వచ్చినవి. నిన్న టమాట పండించిన చేను నేడు ఒకరి విశ్రాంతిస్థల మైనది. దీనిని మేము నిందగా చెప్పుట లేదు. నగరమున ఆఱుదినములు గోడలనడుమ పనిచేసినవానికి ఏడవదినమున చెట్టును నీటిని చూడవలెనని యుండుట సహజమే. ఒకరి జీవికాస్థానమే మఱియొకరి వినోదస్థానమగుచుండుట మాత్రము గమనింపదగిన విషయము.

ఈ మార్గమును పట్టుకొని వికారాబాదు దాటి పోయినచో కోట్‌పల్లి జలాశయము వచ్చును. సాగునీటికొఱకు 1960వ దశకమున కట్టబడినది. ఇటీవలి సంవత్సరములలో అక్కడ కయాకులను పేరుగల చిన్న పడవలు అద్దెకు దొరకుచున్నవి. మాఘమాసమున నొక యుదయమున మేమును పోయి చూచితిమి. శ్రీపంచమి గడచినది గావున పేరునకు వసంతము వచ్చినట్లే. కాని శివరాత్రికి చలి శివశివా యని పోవునని గదా మనవారి సామెత. ఆ శివరాత్రి యింకను రాలేదు. అనంతగిరి కొండలవైపునుండి వీచుగాలికి శాలువ కప్పుకొని నిలిచినను పండ్లు టకటక కొట్టుకొనుచుండెను. నీటిమీద పొగమంచు మోకాలెత్తున తేలుచుండెను. నగరమునుండి వచ్చిన యువతీయువకులు పదిమంది లైఫ్‌జాకెట్లు తొడిగి, తమలో తాము పందెము వేసికొనిరి. ఎదుటి యొడ్డుననున్న యెండుచెట్టును చుట్టి రావలెను. ఓడినవారు తిరుగుదారిలో చేవెళ్లలో అందఱకును ఇడ్డెనలు తినిపింపవలెను. బిరుదులు లేవు, న్యాయనిర్ణేతలు లేరు. ఇట్టి పందెమే చూడదగినదని మా యభిప్రాయము.

చూచుటలో మాకు నిజముగా నానందము కలిగినది. కయాకు తెడ్డునకు రెండు కొనలందును రెక్క లుండును. కుడియెడమల మార్చిమార్చి నీటిని త్రోయవలెను. నేర్వనివానికి కుడిచేయి బలమెక్కువ గావున పడవ యెడమకు తిరిగిపోవుచుండును. దానిని సరిదిద్దబోయి కుడికి తిరిగిపోవును. ఆనాడు అందఱకంటె బలశాలి యైనవాడు పాములవలె వంకరలు తిరిగి నాలుగవవాడుగా చేరెను. సన్నని యువతి యొకతె తొందరపడక, రెండుచేతులకు సమానముగా పని చెప్పి, తీగ లాగినట్లు సూటిగా వచ్చి గెలిచెను. గట్టుమీది జనమంతయు ఈలలు వేసిరి. మేమును చప్పట్లు కొట్టితిమి. తడిసి వణకుచు ఒడ్డున కెక్కిన వారి ముఖములందలి వెలుగును చూచినవాడెవ్వడును ఆట వ్యర్థమైన పనియని యనజాలడు.

అయితే పందెము నడుమ నొక చిన్న సంగతి జరిగినది. దానిని గట్టుమీదివారు గమనించినట్లు లేదు. పందెపు మార్గమునకు అడ్డముగా జాలరి యొకడు తెప్పమీద వచ్చుచుండెను. తెప్ప యనగా థర్మాకోల్ పలకలను గోనెపట్టాలో చుట్టి త్రాళ్లతో బిగించిన కట్ట. దానిపై మఠమువేసి కూర్చుండి, అరచేతి వెడల్పుగల చెక్కతో నీటిని త్రోయుచు, రాత్రి వేసిన వల నెత్తుటకు పోవుచుండెను. లైఫ్‌జాకెట్టు లేదు, తలకు తువ్వాల మాత్రము కలదు. పడవలలోని వారొకరిద్దఱు ప్రక్కకు తొలగుమని కేకవేసిరి. అతడు చెక్కను ఒడిలో పెట్టుకొని, పడవలన్నియు దాటిపోవువఱకు ఆ చలిలో కదలక నిలిచెను. పిదప తన దారిని పోయెను.

వల నెత్తుకొని యొడ్డునకు వచ్చిన తరువాత అతనిని పలుకరించితిమి. బుట్టలో బొచ్చెలును రవ్వలును కొన్ని గలవు. ఎందుల కాగితివని యడుగగా, "ఆళ్లు ఆడుకుంటుండ్రు గద సారూ, మా వల యాడికి బోతది" అనెను. ఆ మాటలో కోపము లేదు, ఎత్తిపొడుపును లేదు. నీకును పందెములు కలవా యని యడిగితిమి. నవ్వి, "మా పందెం దినాం సూర్యునితోనే. ఎండెక్కితే బజార్ల చేపకు ధర ఉండది" అని బుట్ట నెత్తుకొని పోయెను.

పనిచేయువాడు ఆడువానికి దారి యిచ్చెను. ఇది యెవ్వరి దుర్మార్గమును కాదు. కేకవేసిన యువకులు మర్యాద తెలియనివారును కారు. ఆట గొప్పది, పని తక్కువది యను భావము వారిలోను, అతనిలోను, గట్టుమీది మాలోను అంత లోతుగా నాటుకొనియున్నది గనుకనే ఆ క్షణము సహజముగా జరిగిపోయెను.

ఈ భావము ఎక్కడనుండి వచ్చెనో చూతము. కయాకు ఆటకొఱకు పుట్టినది కాదు. ఉత్తరధ్రువప్రాంతపు మంచుసముద్రములలో ఇన్యూట్ జాతివారు సీలుచర్మముతో కట్టుకొన్న వేటపడవ యది. కనూ అను మాట కరేబియను ద్వీపవాసులది. కొలంబసు నౌకలతో ఐరోపాకు చేరెను. మన కొల్లేటి తాటిదోనె కూడ ఆ కుటుంబములోనిదే. 1865లో స్కాట్లాండు వంశీయుడగు జాన్ మెక్‌గ్రెగర్ అను న్యాయవాది ఇట్టి చిన్నపడవలో ఐరోపా నదులపై విహరించి, మఱుసటియేట ఆ యాత్రను గ్రంథముగా ప్రకటించెను. ఆ యేడే లండనులో దొరల పడవసంఘ మేర్పడెను. 1936లో బెర్లిను ఒలింపిక్ పోటీలలో ఈ పడవలకు పతకము లిచ్చిరి. ఆకలికై కట్టిన పడవ డెబ్బదియేండ్లలో పతకపు పడవ యయ్యెను. కట్టినవారి ప్రతిష్ఠ మాత్రము పడవతోకూడ పెరుగలేదు.

అంతకన్న చిత్రమైన కథ హెన్లీది. ఇంగ్లండులో థేమ్సునదిపై 1839నుండి జరుగుచున్న హెన్లీ పడవపందెములు లోకప్రసిద్ధములు. 1879లో వాని నిర్వాహకులు పందెగాని కొక నిర్వచనము వ్రాసిరి. కూలికై చేతిపని చేయువాడు, చేతివృత్తివాడు, శ్రామికుడు, లేక పూర్వమెన్నడైన నట్టి పని చేసినవాడు పోటీలో పాల్గొనరాదు. వారు చెప్పిన యొక కారణము, శ్రమచే కండలు పెరిగినవానితో పెద్దమనుష్యుల బిడ్డలు పోటీపడుట యన్యాయమని. ఇందు తమకు తెలియకయే వారొక నిజమును ఒప్పుకొనిరి. పనివాడు తెడ్డు వేయుటలో మేటి గనుకనే వానిని వెలుపల నుంచవలసివచ్చెను!

1920లో అమెరికాకు చెందిన జాన్ కెల్లీ యను మహాబలుని దరఖాస్తును హెన్లీవారు త్రోసిపుచ్చిరి. అతని సంఘముపై పాతనిషేధ మొకటి కలదు. అంతేకాక యతడు ఇటుకలు పేర్చు తాపీపనివాడు. ఆ యేడు హెన్లీలో ఒంటిపడవ పందెము గెలిచినవాడు జాక్ బెరెస్‌ఫర్డ్. కొన్నివారములకే యాంట్‌వెర్ప్ ఒలింపిక్కులలో ఇరువురును ఎదురుపడిరి. కెల్లీ ఒక్క క్షణపు వ్యత్యాసముతో బెరెస్‌ఫర్డును గెలిచి స్వర్ణపతకమును పొందెను. 1936లో ఆస్ట్రేలియా ఎనమండ్ర జట్టు హెన్లీకి రాగా, వారు పోలీసువారు గావున ప్రధాన పందెములో చేరనీయలేదు. ఆ మఱుసటియేట, 1937లో, చేతిపనివారి నిషేధమును తొలగించిరి. పదేండ్లకు కెల్లీ కుమారుడు హెన్లీలో ఆ యొంటిపడవ పందెమునే గెలిచెను.

ఈ కథ చదివి మనము దొరలను చూచి నవ్వవచ్చును. అయితే మన దేశమున నిట్టి నిబంధనను కాగితముపై వ్రాయవలసిన యవసరమే కలుగలేదు; పుట్టుకయే నిబంధన. 1911లో ఇంగ్లండు పర్యటనలో నూఱుకు పైగా వికెట్లు తీసిన పాల్వంకర్ బాలూ అను క్రికెటు వీరునికి, చర్మకారకులమున పుట్టినవాడనియెగదా పూనాలో మైదానమునందలి తోడియాటగాండ్రే తేనీటిని వెలుపల మట్టిపాత్రలో పోసిరి. ఇక పడవవాని సంగతి. సంసారమును సాగరమనియు, గురువును కర్ణధారుడనియు, దేహమును నావయనియు వేయేండ్లుగా మన వేదాంతులు చెప్పుచున్నారు. తెడ్డు లేనిదే మన మోక్షమార్గమునకు ఉపమానము దొరకదు. కాని తెడ్డు పట్టినవానిని ఇంటిలోనికి రానిచ్చిన వేదాంతు లెందఱు? వేదములను విభజించి భారతము రచించినట్లు మనము పూజించు వ్యాసుడు, యమునపై నావ నడపిన జాలరిపిల్ల కుమారుడు. గంగ దాటించిన గుహుని రాముడు కౌగిలించుకొనెను. ఈ కథలను పురాణశ్రవణమున విని కన్నీరు పెట్టినవారే, లేచి యింటికి పోవునప్పుడు దారిలో జాలరి యెదురైన ప్రక్కకు తొలగిరి. కౌటిల్యుని యర్థశాస్త్రమున రేవులపై నధికారియగు నావధ్యక్షుని ప్రకరణ మొకటి గలదు. బ్రాహ్మణులు, సన్న్యాసులు, బాలురు, వృద్ధులు, రోగులు, రాజదూతలు, గర్భిణులు అధికారి ముద్రతో ఊరక నది దాటవచ్చును. దయగల నిబంధనయే. ఆ దయకు తెడ్డు వేసిన చేతు లెవరివి?

ఇంతవఱకు వచ్చిన చదువరి, జాలరి పనియు నాటయే యని, అతనికిని చప్పట్లు కొట్టవలెనని మేము చెప్పబోవుచున్నట్లు తలంపవచ్చును. అది మా యభిప్రాయము కాదు. అట్లు చెప్పుట మఱియొక యసత్యము. కోట్‌పల్లి గట్టుమీదనే నగరవాసి యొకడు తెప్పవానిని చూపి, "వీళ్ల బ్రతుకే హాయి, రోజూ బోటింగే" అనుట వింటిమి. ఇట్టి మెప్పుకన్న తిరస్కారము మేలు.

మా తరగతిలో నొక బాలు డున్నాడు. జాలరికుటుంబమువాడు. పాఠశాలలో నింపవలసిన పత్రములో "నీవు ఆడు ఆటలు" అను గడి యొకటి యుండగా అతడు "లేవు" అని వ్రాసెను. నీకు ఈత వచ్చునా యని యడిగితిమి. "వస్తది సార్." తెప్ప నడపుదువా? "దినాం పొద్దుగాల మా నాయినతోని పోత." మఱి యది వ్రాయలేదేమి? "అది ఆట గాదు గద సార్."

బాలుడు చెప్పినది నిజము. అది యాట కాదు. చలి యెక్కువగా నున్నదని యతడు తెప్పను వెనుకకు త్రిప్పలేడు. జ్వరము తగిలినను వల నీటిలో కుళ్లరాదు. కయాకులోని యువతి పందెము నడుమ విసుగుపుట్టినచో తెడ్డును ఒడిలో పెట్టుకొని మబ్బులను చూడవచ్చును. ఎవ్వరును అడుగరు, రాత్రికి పొయ్యి ఆరదు. ఆటకును పనికిని నడుమ గల నిజమైన గీత యిదియే. కండలలో కాదు, నేర్పులో కాదు, ప్రయాసలోను కాదు. ఇష్టము లేనప్పుడు తెడ్డును క్రిందపెట్టగల స్వేచ్ఛ యున్నచో ఆట, లేనిచో పని. బాదరాయణుడు సృష్టిని లీల యన్నది కూడ ఈ యర్థముననే గదా. ఏ కొఱతయు లేని యీశ్వరునికి చేసితీరవలసిన పని యుండదు. కొఱతగలవానికి లీల లేదు.

ఇట్లైనచో మొదటి ప్రశ్నకు కొంత సమాధానము దొరకుచున్నది. ఆటకును పనికిని భేదము కలదు, అది నిజమైన భేదమే. కాని యది యోగ్యతాభేదము కాదు, స్వేచ్ఛాభేదము. మనము చేసిన యన్యాయమేమన, స్వేచ్ఛ యున్నవానికే గౌరవమును కూడ కట్టబెట్టితిమి. తీరిక గలవాడు తెడ్డు పట్టినచో శూరుడు. తీరిక లేనివాడు పట్టినచో పనివాడు. రెండును వేర్వేరుగా నుండవలసినవి.

వానిని విడదీయుటలో రెండు కర్తవ్యములు గలవు. పనికి గౌరవ మిచ్చుట యొకటి, పనివానికి తీరిక యిచ్చుట రెండవది. మొదటిదానికి ఖర్చు తక్కువ, కావున లోకము దానితోనే సరిపుచ్చును. 2020 మార్చి 22వ తేదీ సాయంకాలమున వైద్యసేవకులకొఱకు దేశమంతయు గుమ్మములలో నిలిచి చప్పట్లు కొట్టెను, పళ్లెములు మ్రోగించెను. ఆ వారమునందే దారులు మూతపడి, నగరములను కట్టిన కూలీలు వందలమైళ్లు నడచి స్వగ్రామములకు పోయిరి. చప్పట్ల చప్పుడు వారికి గంజి కాలేదు. రెండవ కర్తవ్యము కష్టమైనది. దినమునకు ఎనిమిదిగంటల పని యను నియమమును 1919లో అంతర్జాతీయ కార్మికసంస్థ ఒడంబడికగా చేసెను. స్వతంత్రభారతమున 1948 నాటి కర్మాగారముల చట్టము వారమునకు 48 గంటల హద్దు పెట్టెను. ఇవి గోడలుగల కర్మాగారములకు. చెఱువునకు గోడలు లేవు. అందు పనిగంటలను లెక్కించు గడియారమును లేదు. జాలరికి తీరిక కావలెనన్నచో చేపకు నిలుకడయైన ధర కావలెను, పట్టిన చేప ఎండెక్కినను చెడని మంచుపెట్టె కావలెను, దళారికి కట్టువడని సహకారసంఘము కావలెను. తత్త్వవిచారమున మంచుపెట్టె యేల యని కొంద ఱనవచ్చును. ఆ జాలరి సూర్యునితో వేసిన పందెమును ఆపగలిగినది ఆ పెట్టె యొక్కటియే.

పనివాడే ఆటగాడగుట యసాధ్యమని యెవ్వరును తలపవలదు. కేరళమున ఆలప్పుళలో 1952నుండి వచ్చుచున్న నెహ్రూ ట్రోఫీ పందెములలో పెక్కుమంది తెడ్లవారు ఒక్కొక్క చుండన్ పడవలో కూర్చుందురు. ఊరి పడవ ఊరివారిది. పొలములో పనిచేయువారును, నీటిలో పనిచేయువారును అందు గలరు. ఊరంతయు వారికి అన్నము పెట్టి, సాధనకు దినములు విడిచిపెట్టును. ఆ దినములే ముఖ్యము. మన కోనసీమలోను ఇటీవలి సంక్రాంతి దినములలో ఆత్రేయపురమున కాటన్ దొర పేర పడవపందెములు జరుగుచున్నవి. తెలంగాణమున హుస్సేన్‌సాగరముపై తెరచాపల పందెములు కలవు. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతపు చెఱువులలో తెప్ప నడపువారి కేమున్నది?

ఈ యాలోచనతో మా యూరి మత్స్యకార సంఘమున పెద్దవాని నొకనిని కలిసితిమి. ఏటి కొకసారి, వల వేయనక్కఱలేని దినమున, ఆనాటి కూలి నష్టపోకుండ తలా యింత యిచ్చి, తెప్పల పందెము పెట్టినచో నెట్లుండునని యడిగితిమి. తోడివారితో చాలసేపు మాటలాడెను. చెఱువు నిండుగా నుండవలెనని యొకడు, పిల్లలకు వేఱు పందె ముండవలెనని యొకడు అనిరి. ఆడవారును తెప్ప నడపుదురు, వారి సంగతి యేమని వెనుకనుండి యొక స్త్రీ యడిగెను. దానికి మగవా రెవ్వరును వెంటనే బదులు చెప్పలేదు. చివరకు పెద్దవాడు, "పెడ్తె శివరాత్రి అయినంక పెట్టుండ్రి సారూ, గప్పుడు చలి ఉండది" అనెను. గెలిచినవానికి కప్పు ఏమి యుపయోగము, మంచి నైలానువల బహుమానముగా నిత్తుమా యని యడిగితిమి. ఆయన తల యడ్డముగా త్రిప్పెను.

"వల మేమే కొనుక్కుంటం సారూ. కప్పే ఇయ్యుండ్రి."